ధర చెప్పు, కొనవద్దు

గుంటూరు మిర్చి యార్డులో మా నాన్నగారు నలభై ఏళ్లపాటు ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తాగా పనిచేశారు. నా పదో తరగతి పరీక్షలు ముగిసిన వేసవిలో ఆయన నన్ను తనతో పాటు యార్డుకు తీసుకువెళ్లడం మొదలుపెట్టారు. ఫజ్ర్ నమాజు ముగించుకొని ఇద్దరం బయలుదేరేవాళ్లం. టిక్కీల వరుసల మధ్య నడుస్తూ, సంచి మూతి విప్పి ఉన్న చోటల్లా ఆగి, గుప్పెడు కాయలు నా చేతిలో పోసి, "ధర చెప్పు" అనేవారు. రంగు చూసి, తొడిమ విరిచి, కాయలోని తేమను వేళ్లతో పసిగట్టి, తాలు ఎంత కలిసిందో గమనించి, క్వింటాలుకు ఇంత పలుకుతుందని నేను చెప్పాలి. ఆయన ఆ అంకెను తన జేబు పుస్తకంలో రాసుకునేవారు. బేరం కుదిరిన తరువాత అసలు ధరను దాని పక్కన రాసేవారు. రెండింటికీ మధ్య ఉన్న తేడాను మూడో గడిలో నా చేత రాయించేవారు.

ఆ సీజను ముగిసేదాకా ఇదే పని. ఒక్క టిక్కీ కూడా నన్ను కొననివ్వలేదు. నేను ఉత్సాహపడినప్పుడల్లా, "ధర చెప్పు, కొనవద్దు. నీ అంచనా నిన్ను ఎన్నిసార్లు మోసం చేసిందో ముందు తెలుసుకో. ఆ లెక్క తెలిసిన తరువాత కొందువు గాని" అనేవారు. అప్పట్లో ఆ మాట నాకు పెద్దల చాదస్తంగా తోచింది. ఆయన పోయిన తరువాత, నా నలభై ఆరో ఏట, కంప్యూటరు తెర ముందు కూర్చున్న ఒక రాత్రి ఆ మూడో గడి విలువ నాకు తెలిసింది. అంతలోపు జరగకూడని నష్టం జరిగిపోయింది.

అమానతు

నాన్నగారు వదిలివెళ్లిన చిన్న స్థలాన్ని అమ్మి, ధర్మం నిర్ణయించిన ప్రకారం వారసులం పంచుకున్నాం. మా ఆపా వాటాకు 4 లక్షల రూపాయలు వచ్చాయి. "ఇల్లు కట్టేటప్పుడు తీసుకుంటాను తమ్ముడూ, అప్పటిదాకా నీ దగ్గరే ఉండనివ్వు" అని ఆమె ఆ సొమ్మును నా చేతిలో పెట్టింది. అది అమానతు. ఆ మాట అర్థం తెలియని ముస్లిం ఇల్లు ఉండదు. దాని అర్థం నాకూ తెలుసు. అయినా ఆ సొమ్ములోనే చెయ్యి పెట్టాను.

కరోనా కాలంలో మా చుట్టూ ఉన్నవారిలో చాలామంది ఫోనులో డీమ్యాట్ ఖాతాలు తెరిచారు. కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాసే నేను కూడా ఒకటి తెరిచాను. మొదట నాలుగు షేర్లు కొన్నాను. కొద్దిగా లాభం వచ్చింది. ఆ లాభం నా తెలివి వల్ల వచ్చిందని నమ్మాను. ఆ నెలల్లో మార్కెట్టులో దాదాపు ప్రతి షేరూ పెరుగుతోందన్న సంగతి నా దృష్టికి రాలేదు. 2021 అక్టోబరులో వారం వారం గడువు ముగిసే నిఫ్టీ ఆప్షన్లలోకి దిగాను. అప్పట్లో వాటి గడువు గురువారం. మధ్యాహ్నం రెండు గంటలకు 40 రూపాయలున్న ఆప్షన్ మూడున్నరకు సున్నా కావచ్చు, 120 కూడా కావచ్చు. ఆ 120 మీద ఉన్న ఆశ నా చేత ఆపా సొమ్మును తీయించింది. "రెట్టింపు చేసి ఇస్తే ఆమే సంతోషిస్తుంది కదా" అని మనస్సుకు నచ్చజెప్పుకున్నాను. మనిషి తప్పు చేయబోయే ముందు దానికి ఒక మంచి పేరు వెతుక్కుంటాడు.

2022 జూన్ నాటికి 1,85,000 రూపాయలు పోయాయి. ఆ మరుసటి ఏడాది జనవరిలో సెబీ ఒక అధ్యయనాన్ని ప్రకటించింది. 2021-22లో ఈక్విటీ ఫ్యూచర్లు, ఆప్షన్లలో వ్యాపారం చేసిన వ్యక్తులలో 89 శాతం మంది నష్టపోయారని, సగటు నష్టం ఒక్కొక్కరికి 1 లక్షా 10 వేల రూపాయలని అందులో తేల్చింది. అది చదివినప్పుడు పదిమందిలో ఆ తొమ్మిదిమంది వరుసలో నిలుచున్న నన్ను నేను చూసుకున్నాను.

ఆపా పునాది తవ్విస్తున్నానని ఫోను చేసిన రోజు, నా ముఖం చూసి నా భార్య అడిగింది. ఎనిమిది నెలలు దాచిన మాటను ఆ రాత్రి చెప్పాను. ఆమె కేకలు వేయలేదు. చాలాసేపు మౌనంగా కూర్చుని, "ఏమండీ, పోయిన డబ్బు సంగతి తరువాత మాట్లాడుకుందాం. రేపు పొద్దున్నే వెళ్లి ఆపాకు నిజం చెప్పి రండి" అంది.

వెళ్లి చెప్పాను. ఆపా వంటింట్లోకి వెళ్లి టీ తెచ్చి నా ముందు పెట్టింది. "అడిగి ఉంటే ఇచ్చేదాన్ని తమ్ముడూ. అడగకుండా తీసుకున్నావు, అదే నాకు బాధ" అంది. అంతకు మించి ఒక్క మాట కూడా అనలేదు. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేదని తిరుగు ప్రయాణంలో ఎన్నిసార్లు అనుకున్నానో.

నా భార్య తన గాజులు అమ్మించి 65,000 రూపాయలు ఇచ్చింది. అవి ఆమె సొంత ఆస్తి కనుక ఆ మొత్తం నేను ఆమెకు పడిన బాకీ. మిగిలిన 1,20,000 రూపాయలను నా జీతంలోంచి నెలకు 5,000 చొప్పున 24 నెలల్లో తీర్చాలని నిర్ణయించుకున్నాం.

అబద్ధం చెప్పిన పుస్తకం

ఇంత జరిగిన తరువాత కూడా నా మనస్సు ఒక మూల పట్టు విడవలేదు. "నేను చేసిన పనిలో తప్పు లేదు, నాకు నేర్పు చాలలేదు, అంతే. నేర్పు సంపాదిస్తే పోయినది పోయిన చోటే దొరుకుతుంది" అనుకుంటూనే ఉన్నాను. ఆ రోజుల్లోనే ఒక పరిచయస్థుడు మార్కెట్ రీప్లే గురించి చెప్పాడు.

ఈ సాధనం సంగతి పాఠకులకు క్లుప్తంగా చెబుతాను. గతించిన ఒక రోజు మార్కెట్టును మళ్లీ మొదటి నుంచి నడిపి చూపించే సాఫ్ట్‌వేర్ ఇది. ట్రేడింగ్‌వ్యూలో దీనిని బార్ రీప్లే అని, నింజాట్రేడర్‌లో మార్కెట్ రీప్లే అని పిలుస్తారు. చార్టుపై ఒక తేదీని ఎంచుకుంటే ఆ తేదీ తరువాత జరిగినదంతా తెర మీద నుంచి మాయమవుతుంది. మీట నొక్కినకొద్దీ ఒక్కొక్క క్యాండిల్ కనిపిస్తూ వస్తుంది. తరువాతి క్యాండిల్ పైకి వెళుతుందో కిందికి వెళుతుందో తెలియని స్థితిలో మీరు కొనాలి, అమ్మాలి, లేదా ఊరుకోవాలి. డబ్బు ఉత్తుత్తిది, ధరలు మాత్రం నిజంగా పలికినవి. వేగం పెంచుకోవచ్చు, ఆపుకోవచ్చు, వెనక్కి తిప్పుకోవచ్చు. విమానం నడపడం నేర్చుకునేవారు మొదట నేల మీది యంత్రంలో సాధన చేసినట్టే ఇదీ.

ఆపరేషన్ నేర్చుకునే వైద్యుడికీ, వాహనం నేర్చుకునే కుర్రవాడికీ సాధన ఎంత అవసరమో డబ్బుతో పని చేసేవారికీ అంతే అవసరం. ఆ మాటను ఈనాటికీ కాదనను. అయితే నేను సాధన చేసిన తీరు వేరు. రోజూ ఇషా నమాజు తరువాత మా పెద్దమ్మాయి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఒక నెలపాటు ఇంట్రాడే లావాదేవీలు చేసి నోటు పుస్తకంలో రాశాను. నెలాఖరుకు 60 లావాదేవీలలో 44 లాభాలు తేలాయి. సంబరపడి పుస్తకం నా భార్యకు చూపించాను. ఆమె పేజీలన్నీ తిప్పి చూసి, "ఈ పుస్తకంలో నష్టాలు ఇంత తక్కువగా ఉంటే ఆపా డబ్బు ఎలా పోయిందండీ?" అని అడిగింది.

ఆమె వెటకారం చేయలేదు, నిజంగానే అడిగింది. అందుకే నేను సమాధానం వెతకవలసి వచ్చింది. రెండు రోజులు ఆలోచించి చూస్తే ఆ పుస్తకం మూడు విధాలుగా అబద్ధం చెప్పిందని తేలింది.

మొదటిది, నేను వెనక్కి తిప్పాను. నష్టం వచ్చినప్పుడు "ఇది నా పొరపాటు కాదు, మీట తొందరగా నొక్కాను" అని రెండు క్యాండిళ్లు వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాను. ఆ నష్టాన్ని పుస్తకంలో రాయలేదు. రెండవది, నేను ఎంచుకున్న రోజులన్నీ నాకు గుర్తున్న రోజులే. ఫలానా కంపెనీ ఫలితాలు బాగా వచ్చిన రోజు, బడ్జెట్ రోజు, పెద్దగా పెరిగిన రోజు. జవాబు తెలిసిన ప్రశ్నపత్రాన్ని ముందు పెట్టుకుని పరీక్ష రాశాను. మూడవది, ఖర్చులు వేయలేదు. 50,000 రూపాయల ఇంట్రాడే కొనుగోలు, అమ్మకానికి బ్రోకరేజీ, లావాదేవీ పన్ను, ఎక్స్ఛేంజీ రుసుము, జీఎస్టీ, స్టాంపు సుంకం కలిపితే 50 రూపాయలు దాటుతాయి. ఒక్కసారికి అది చిన్న మొత్తమే. వందసార్లకు అది 5,000 రూపాయలు.

డబ్బు పోగొట్టుకున్న సంగతి ఎనిమిది నెలలు భార్యకు చెప్పని మనిషే, ఇప్పుడు ఉత్తుత్తి నష్టాలను సైతం నోటు పుస్తకానికి చెప్పడం లేదు. నాలోని లోపం ఒక్కటేనని ఆ రోజు తెలిసింది.

కాగితపు పట్టీ

నా భార్య ఒక షరతు పెట్టింది. వంద లావాదేవీలు. తేదీని నేను ఎంచుకోకూడదు, వెనక్కి తిప్పకూడదు, లెక్క ఆమె రాస్తుంది. ఆ వంద పూర్తయ్యేదాకా అసలు డబ్బు ఒక్క రూపాయి కూడా కదలకూడదు. మా పెద్దమ్మాయి అప్పటికి డిగ్రీ రెండో సంవత్సరం. తేదీలు, కంపెనీలు ఎంచే పని ఆమెది. చార్టు అడుగున తేదీలు కనిపిస్తాయి కనుక, ల్యాప్‌టాప్ తెర కింది అంచుకు ఒక కాగితపు పట్టీని అంటించింది. "అబ్బా, దాన్ని ఎత్తి చూడకూడదు" అని నా నుంచి మాట తీసుకుంది. కూతురికి మాట ఇవ్వడం నోటు పుస్తకానికి మాట ఇవ్వడం కంటే బరువైనదని వెంటనే తెలిసింది.

వంద మొదలుపెట్టక ముందు అలవాటు కోసం నిఫ్టీ సూచీని ఒక షేరుగా భావించి రెండు సాయంత్రాలు సాధన చేశాను. ఆ రెండు సాయంత్రాలను నేను మరచిపోలేను.

మొదటి సాయంత్రం మార్కెట్టు తెరవగానే బాగా కిందికి దిగి ఉంది. ఇంతకన్నా పడదనుకుని "కొన్నాను". కొద్ది నిమిషాల్లోనే మరింత కూలి, 10 శాతం పడగానే లావాదేవీలు 45 నిమిషాలు ఆగిపోయాయి. అంకెలను బట్టి అది 2020 మార్చి అని గ్రహించాను గాని ఏ రోజో తెలియదు. విరామం ముగిసిన వెంటనే భయంతో "అమ్మేశాను". ఆ తరువాత నా కళ్ల ముందే సూచీ లేచింది, లేస్తూనే పోయింది. ముందురోజు ముగింపు కంటే 365 పాయింట్ల లాభంతో 9,955 దగ్గర ముగిసింది. అమ్మాయి పట్టీ తీసి చూపించింది. 2020 మార్చి 13.

రెండవ సాయంత్రం అదే దృశ్యం. భారీ పతనంతో ఆరంభం. గంటలోపే 10 శాతం హద్దు, మళ్లీ 45 నిమిషాల విరామం. ఈసారి నాకు పాఠం వచ్చేసిందనుకున్నాను. "భయపడేవాడు నష్టపోతాడు" అని పైకే అని, విరామం ముగియగానే ధైర్యంగా "కొన్నాను". సూచీ కాస్త ఊగిసలాడి మళ్లీ జారింది. ఈ క్షణమో మరు క్షణమో లేస్తుందని చివరి క్యాండిల్ దాకా పట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు నిఫ్టీ దాదాపు 13 శాతం నష్టంతో 7,610 వద్ద ముగిసింది. పట్టీ కింద ఉన్న తేదీ 2020 మార్చి 23.

రెండు రోజులకూ మధ్య పది రోజుల ఎడం. ఆరంభాలు అన్నదమ్ముల్లా ఉన్నాయి, ముగింపులకు పోలికే లేదు. మొదటి రోజు భయం నన్ను ఓడించింది. రెండవ రోజు మొదటి రోజు నేర్చుకున్నాననుకున్న పాఠమే ఓడించింది. మార్కెట్టు ఎటు వెళుతుందో కనిపెట్టడమే నేర్పు అనుకున్నవాడిని నేను. కనిపెట్టలేనప్పుడు ఎంత పోగొట్టుకోవడానికి సిద్ధపడాలో ముందే నిర్ణయించుకోవడం నేర్పులో మొదటి భాగమని ఆ రెండు రాత్రులు చెప్పాయి. ఆ మరునాటి నుంచి ప్రతి లావాదేవీకీ స్టాప్‌లాస్‌ను ముందుగానే నా భార్య పుస్తకంలో రాయించిన తరువాతే మీట నొక్కాను.

మరొక సంగతి కూడా గమనించాను. మన మార్కెట్టు ఉదయం 9.15 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు, అంటే 375 నిమిషాలు నడుస్తుంది. రీప్లేలో ఆ రోజంతా పది నిమిషాల్లో పరుగెత్తించవచ్చు. అలా పరుగెత్తించినప్పుడు ఓపిక అనే గుణానికి పనే ఉండదు. ఒక ఆదివారం అసలు వేగంతోనే నడిపి చూశాను. రెండు గంటలకే విసుగు పుట్టి, ఏ కారణమూ లేకుండా ఒక షేరు "కొన్నాను". ఫోనులో ఆప్షన్లు కొన్న మధ్యాహ్నాలలో ఎన్నింటికి ఇదే కారణమో అప్పుడు అర్థమైంది. అవకాశం వచ్చిందని కొనలేదు, ఖాళీగా ఉండలేక కొన్నాను.

ఉత్తుత్తి డబ్బుతో గుండె దడ రాదు కదా అని మీరు అడగవచ్చు. నిజమే, అది ఈ సాధనలో తీరని లోటు. దానికి నా భార్య తనకు తోచిన ఉపాయం చేసింది. నష్టం వస్తే ఏమీ లేదు గాని, రాసుకున్న నియమాన్ని తప్పితే మాత్రం ఇంట్లో ఉన్న సదఖా డబ్బాలో 20 రూపాయలు వేయాలి. నష్టం తప్పు కాదు, మాట తప్పడమే తప్పు అని ఆమె ఉద్దేశం. ఆ 20 రూపాయల నోటు మడిచి డబ్బాలో వేసేటప్పుడు, అమ్మాయి చూస్తుండగా, ఆప్షన్లలో 20 వేలు పోయినప్పుడు కూడా కలగని సిగ్గు కలిగింది.

వంద లావాదేవీలకు దాదాపు ఐదు నెలలు పట్టింది. లాభాలు 41, నష్టాలు 59. ఖర్చులు వేయక ముందు 3,850 రూపాయల లాభం. ఖర్చులు 5,350. నికరంగా 1,500 రూపాయల నష్టం. నియమం తప్పినవి 22. సదఖా డబ్బాలో 440 రూపాయలు. మొత్తం పుస్తకంలో నన్ను నిలదీసిన అంకె మాత్రం మరొకటి. నష్టం వచ్చిన వెంటనే, దానిని రాబట్టుకోవాలనే పంతంతో చేసిన లావాదేవీలు 18. వాటిలో లాభం వచ్చినవి నాలుగే.

నాన్నగారి మూడో గడి మళ్లీ నా ముందుకు వచ్చింది. నా అంచనా నన్ను ఎన్నిసార్లు మోసం చేసిందో ఇప్పుడు లెక్కతో సహా తెలుసు. పోయిన చోటే వెతుక్కుందామన్న ఆలోచన ఆ రాత్రితో ముగిసింది. ఎవరి ఉపదేశం వల్లా ముగియలేదు, నా భార్య చేతిరాతలో ఉన్న నా లెక్క వల్ల ముగిసింది.

ముందు అడగవలసిన ప్రశ్న

ఇదంతా అయిన తరువాత మా పేట ఆలిం సాహెబు దగ్గరకు పుస్తకం తీసుకువెళ్లాను. ఆయన ఓపికగా విని, "నువ్వు బాగా చేయగలవా లేదా అని వంద రాత్రులు పరీక్షించుకున్నావు. చేయదగిన పనేనా అని ఒక్క పూట అడిగి ఉండవలసింది" అన్నారు. ఆప్షన్ల ఒప్పందాలు ధర్మసమ్మతం కావని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖహ్ అకాడమీ 1992లోనే జిద్దా సమావేశంలో తీర్మానించిందని చెప్పారు. కొన్న షేరు మన స్వాధీనంలోకి రాకముందే అమ్మే ఇంట్రాడేను కూడా ఉలమాలలో చాలామంది అంగీకరించరని వివరించారు. సంస్థ చేసే వ్యాపారం హలాల్ అయి, వడ్డీతో దాని సంబంధం నిర్ణీత పరిమితికి లోబడి ఉంటే, దాని షేరును నిజంగా కొని స్వాధీనంలో ఉంచుకోవడానికి ఉలమాలలో చాలామంది అనుమతిస్తారని చెప్పారు. అందరూ అడగవలసిన వరుసకు తలకిందులుగా నేను అడిగాను. ముందు నష్టం, తరువాత నేర్పు, చివరికి ధర్మం. ఈ వ్యాసం రాయడానికి ఇదొక కారణం.

మన దేశంలో 2023 జనవరి చివరి నుంచి అన్ని షేర్లూ కొన్న మరుసటి పని దినానికే డీమ్యాట్ ఖాతాలోకి చేరుతున్నాయి. కనుక డెలివరీ కొనుగోలు ఎంత నిదానమైన మార్గమో చూద్దామని రీప్లేను వారపు క్యాండిళ్లతో మళ్లీ తెరిచాను. ఈసారి మా లెక్క నిమిషాలలో కాదు, సంవత్సరాలలో. ఒక షేరును "కొని", అది సగానికి పడినప్పుడు కూడా కంపెనీ పరిస్థితి చూసి పట్టుకోగలనా, లేక పారిపోతానా అన్నదే పరీక్ష.

ఇక్కడ కూడా సాఫ్ట్‌వేర్ చెప్పని ఒక అబద్ధం ఉంది. మనం సాధనకు ఎంచుకునే పేర్లన్నీ ఈనాడు బతికి ఉన్న కంపెనీలవే. మునిగిపోయినవి జాబితాలో కనిపించవు. హైదరాబాదు కేంద్రంగా వెలుగొందిన సత్యం కంప్యూటర్స్ షేరు 2009 జనవరి 7న, ఖాతాలలో మోసం బయటపడిన ఆ ఒక్క రోజులో, నాలుగింట మూడు వంతులకు పైగా విలువను కోల్పోయింది. తెలుగు నాట ఎన్ని కుటుంబాలు ఆ రోజును గుర్తుంచుకున్నాయో చెప్పనక్కరలేదు. ఆ సంస్థ 2013లో టెక్ మహీంద్రాలో విలీనమైంది. ఈనాటి జాబితాలో ఆ పేరు లేదు. కనుక ఈనాటి పేర్లతో మాత్రమే సాధన చేసే యువకుడికి అటువంటి ఉదయం ఎదురుకాదు. గతం ఉన్నదానికంటే దయగలదిగా కనిపిస్తుంది. అందుకే సాధనలో ఎంత బాగా చేసినా, ఒక్క షేరులో పొదుపునంతా పెట్టకూడదన్న నియమాన్ని మాత్రం రీప్లే నుంచి కాక ఆ జనవరి ఉదయం నుంచి నేర్చుకోవాలి.

ఆపా కొడుకు

2024 జూలైలో ఆపాకు చివరి 5,000 రూపాయలు ఇచ్చాను. ఆ సొమ్ము ఒక్క రూపాయి కూడా మార్కెట్టు నుంచి రాలేదు, కోల్డ్ స్టోరేజీ జీతం నుంచి వచ్చింది. నా భార్య గాజుల బాకీ ఇంకా తీరుస్తున్నాను. ఇప్పుడు నెలకు 2,000 రూపాయలు మాత్రం, ఆలిం సాహెబును సంప్రదించి ఎంచుకున్న నాలుగైదు సంస్థలలో పెడుతున్నాను. ఆ ఖాతా వివరాలు ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ ఏడాది సెప్టెంబరులో సెబీ మరో అధ్యయనం వెలువరించింది. మూడేళ్లలో ఫ్యూచర్లు, ఆప్షన్లలో వ్యాపారం చేసిన కోటి మందికి పైగా వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయారని, సగటు నష్టం దాదాపు 2 లక్షల రూపాయలని అందులో ఉంది. ఆ వార్త వచ్చిన కొద్ది రోజులకే ఆపా కొడుకు మా ఇంటికి వచ్చాడు. ఇంజనీరింగు చదువుతున్నాడు. "మామూ, మీకు ట్రేడింగు తెలుసట కదా, నేర్పించండి. నా స్నేహితులందరూ చేస్తున్నారు" అన్నాడు. వాళ్లమ్మ సొమ్ము సంగతి వాడికి తెలియదు. ఆపా ఎన్నడూ చెప్పలేదు.

నేను చెప్పాను. ఎంత పోయిందో, ఎవరిది పోయిందో, ఎలా తీర్చానో అంతా చెప్పాను. వాడు తల వంచుకుని విన్నాడు. వద్దని మాత్రం అనలేదు, ఎందుకంటే నేను వద్దన్న మరుక్షణం వాడు తన ఫోనులో ఆ పని చేసుకోగలడు. ఆప్షన్లు, ఇంట్రాడే మన దారి కాదని చెప్పి, ల్యాప్‌టాప్ తెరిచి, వారపు క్యాండిళ్లు పెట్టి, మా అమ్మాయిని పిలిచాను. ఆమె నవ్వుతూ కొత్త కాగితపు పట్టీ తెచ్చి అంటించింది. నా భార్య నోటు పుస్తకంలో మూడు గళ్లు గీసింది.

"ధర చెప్పు నాన్నా, కొనవద్దు" అన్నాను.

వాడు మొదటి రోజు రెండుసార్లు వెనక్కి తిప్పబోయాడు. రెండుసార్లూ మా అమ్మాయి వాడి చేతి మీద కొట్టింది.

మీ ఇళ్లలోనూ ఇటువంటి పిల్లలు ఉండి ఉంటారు. వారి ఫోనులు లాక్కుంటే వారు మీ కంట పడకుండా చేస్తారు. వారి పక్కన కూర్చోండి. వారి లెక్క మరొకరి చేత రాయించండి. నష్టాన్ని దాచనక్కరలేని ఇల్లుగా మీ ఇంటిని ఉంచండి. మేము కోల్పోయిన 1,85,000 రూపాయలలో చాలా భాగం మార్కెట్టు వల్ల పోలేదు, నేను దాచిన ఆ ఎనిమిది నెలల వల్ల పోయింది. మన చేతిలో ఉంచిన ప్రతి అమానతునూ చెక్కుచెదరకుండా తిరిగి అప్పగించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.